ఫోన్‌తో తీసే వీడియోలంటే మనవాళ్లకు ఎందుకింత చిన్నచూపు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీరూ మీ అమ్మగారూ కలిసి పొలం పనులు, పచ్చళ్లు, ఊరి జాతర్లు ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. చూసేవాళ్లు కొన్ని వందల మంది. పెళ్లిళ్లలో కలిసిన చుట్టాలు "ఏం వదినా, హీరోయిన్ అయిపోయావంట" అని అమ్మను ఆట పట్టిస్తున్నారు. కామెంట్లలో ఎవరో "క్రింజ్" (చూస్తుంటే మాకే సిగ్గేస్తోంది అని) రాసిపోయారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మీ అన్నయ్య "చేస్తే ప్రొఫెషనల్‌గా చెయ్యండి, లేకపోతే పరువు తియ్యకుండా మానెయ్యండి" అన్నాడు. మామూలు జనం తీసే వీడియోలంటే మనవాళ్లకు ఇంత చిన్నచూపు ఎందుకు, అందులో న్యాయం ఎంత, ఇప్పుడు మీరేం చెయ్యాలి అన్నది ప్రశ్న.

నేను పాతికేళ్లుగా ఎడిటింగ్ మీద బతుకుతున్నాను. జగిత్యాల వైపు పెళ్లి వీడియోలతో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్‌లో ఒక న్యూస్ ఛానెల్ డెస్కులో కొన్నేళ్లు పనిచేసి, ఇప్పుడు కుర్రాళ్లకు ఎడిటింగ్ నేర్పుతున్నాను. మీ అన్నయ్య చెప్పే ఆ "ప్రొఫెషనల్" బాపతు మనిషినే. ఆ హోదాతోనే చెప్తున్నా: మీకు ఎదురవుతున్న నవ్వులో ముప్పావు వంతు వీడియో మీద కాదు, వీడియోలో కనబడే మనిషి మీద. మిగతా పావు వంతు మాత్రం నిజంగా వీడియో గురించే, దాన్ని చెవిన పెట్టాలి. ఏది ఏదో పోల్చుకోవడం వస్తే సగం టెన్షన్ పోతుంది.

ఒకప్పుడు మన దగ్గర లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. ఔత్సాహికుడు అంటే గౌరవం, వృత్తి కళాకారుడు అంటే తక్కువ. బళ్లారి రాఘవ పేరు మీరు వినే ఉంటారు. ఆయన వృత్తి వకాల్తా, నటన ప్రవృత్తి. బళ్లారిలో కోర్టు పని చూసుకుంటూ నాటకాలు ఆడేవారు. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను స్టేజీ ఎక్కించినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటారు. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన కాలానికి వకీళ్లు, టీచర్లు, గుమాస్తాలు సాయంత్రాలు రిహార్సల్స్ చేసుకుని పోటీలకు వెళ్లడం పరువైన వ్యాపకం. "డబ్బు కోసం కాదు, కళ కోసం" అనేది వాళ్లు గర్వంగా చెప్పుకునే మాట. అదే నాటకాన్ని పొట్టకూటి కోసం ఊరూరా తిరిగి ఆడే కుటుంబాలకు ఆ మర్యాద దక్కేది కాదు. చిందు, ఒగ్గు, శారద కథలవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. తరతరాలుగా చేతిలో ఉన్న విద్య అయినా ఊరు వాళ్లను గడప బయటే నిలబెట్టింది.

అంటే డబ్బు తీసుకోకుండా చెయ్యడం తప్పని గానీ, శిక్షణ లేకుండా చెయ్యడం తప్పని గానీ మనవాళ్లు ఎప్పుడూ అనుకోలేదు. చేసేవాడు వకీలైతే "కళాపిపాస" అన్నారు. ఇవాళ చేసేది కూలికి పోయే ఆవిడైతే "పనీపాటా లేదు" అంటున్నారు. పని అదే, మనిషి మారాడు. మీ చుట్టాల్లో ఒక డాక్టరుగారు రిటైరయ్యాక కీబోర్డు ముందు కూర్చుని పాత పాటలు పాడి వాట్సాప్‌లో పెడితే ఇదే చుట్టాలు ఏమంటారో ఒక్కసారి ఊహించుకోండి. "ఈ వయసులో ఆయన ఓపిక చూడండి" అంటారు. పాట అపశ్రుతిలో ఉన్నా సరే.

ఈ మార్పు ఎప్పుడొచ్చిందో తేదీతో సహా చెప్పొచ్చు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. అప్పటిదాకా ఒక జీబీ డేటాను నెలంతా పొదుపుగా వాడుకున్న జనం రోజుకో జీబీ ఖర్చు పెట్టడం మొదలుపెట్టారు. కెమెరా, ఎడిటింగ్ టేబులు, విడుదల చేసే థియేటరు, మూడూ ఒకే ఫోన్‌లోకి వచ్చాయి. దాని వెనకే టిక్‌టాక్ వచ్చింది. అందులో ఎడిటింగ్ రాకపోయినా ఫర్వాలేదు, రాయడం రాకపోయినా ఫర్వాలేదు. దాంతో మొదటిసారి మేస్త్రీలు, ఆటోడ్రైవర్లు, టైలరమ్మలు, మిర్చి కల్లంలో పనిచేసే ఆడవాళ్లు తెర మీద కనపడ్డారు. ఎవరో తీస్తే కనపడటం కాదు, వాళ్లంతట వాళ్లే వచ్చారు. "టిక్‌టాక్ బ్యాచ్" అనేది తిట్టుగా మారింది కూడా అప్పుడే. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధిస్తూ అందులో దాన్నీ చేర్చినప్పుడు దేశభక్తితో సంతోషించినవాళ్లు కొందరైతే, "పీడా వదిలింది, వీళ్ల మొహాలు చూడక్కర్లేదు" అని సంతోషించినవాళ్లు మరికొందరు. నెల తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి. అవే డాన్సులు, అవే డైలాగులు. చేసేవాళ్లు కాలేజీ పిల్లలు, ఐటీ ఉద్యోగులు. దానికి ఆ స్థాయిలో తిట్లు పడలేదు.

ఇక "ప్రొఫెషనల్‌గా లేదు" అనే మాట దగ్గరికొద్దాం. ఇది నా పనికి సంబంధించిన మాట కాబట్టి కొంచెం సాగదీసి చెప్తాను.

పెళ్లి వీడియో ఎడిటింగ్‌లో కొత్తగా చేరిన ఎవరికైనా మేం మొదట నేర్పేది ఒకటుంది. చదివింపుల దగ్గర కత్తెర పెట్టకూడదు. చదివింపులంటే తెలుసుగా, వరసగా చుట్టాలు స్టేజీ ఎక్కి కవరు చేతిలో పెట్టి, అక్షింతలు వేసి, కెమెరా వైపు చూసి బిగుసుకుపోయి దిగిపోతారు. అర్ధగంట, ముప్పావుగంట అదే. బయటివాడికి అంతకంటే విసుగు పుట్టించేది ఉండదు. సినిమా స్కూల్లో చదివి వచ్చిన కుర్రాడు దాన్ని రెండు నిమిషాల మాంటేజ్ చేసి, కింద వీణ మ్యూజిక్ వేసి ఇస్తాడు. మూడోరోజు పెళ్లికూతురి తండ్రి షాపుకొచ్చి "మా పెద్దమేనత్త ఏదయ్యా?" అంటాడు. ఆ క్యాసెట్టు మస్కట్‌లో ఉన్న తమ్ముడికి వెళ్లాలి. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు చిక్కిపోయారు, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు అని అతను ఆపి ఆపి చూస్తాడు. ఆ వీడియోకు ప్రేక్షకులు యాభైమంది. ఆ యాభైమందికీ అందులో ఒక్క సెకను కూడా ఎక్కువ కాదు. దాన్ని సినిమా కొలతతో కొలిచి "లాగ్" అనేవాడికి పని తెలియదని అర్థం. మా వైపు గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లలో అంతకుముందు ఆడియో క్యాసెట్ల మీద ఉత్తరాలు నడిచేవి. చదువురాని తల్లి టేప్‌రికార్డర్ ముందు కూర్చుని అరగంట మాట్లాడితే దాన్ని ఊరి మనిషి ఎవరైనా దుబాయ్ పోతున్నప్పుడు ఇచ్చి పంపేవాళ్లు. మధ్యలో కోడి కూస్తే ఎవరూ నాయిస్ అనలేదు.

ఇంకోటి ఈమధ్యది. మా ఊరి దగ్గర బోరు మోటార్లు రిపేరు చేసే ఒకాయన తన పనిని ఫోన్‌లో తీసి పెడుతుంటాడు. నిలువు వీడియో, మొదట్లో నమస్కారం కూడా ఉండదు. స్టార్టర్ డబ్బా తెరిచి "ఇగో, బటన్ నొక్కుతున్న, ఇనుండ్రి" అంటాడు. మోటారు తిరగదు, గుర్రుమని మూలుగుతుంది. రెండు క్షణాలు ఆగి, ఆపేసి, మళ్లీ నొక్కి అదే శబ్దం ఇంకోసారి వినిపిస్తాడు. "గిట్ల గుర్రుమంటే ఒక ఫేజు వస్తలేదన్నట్టు. పట్టుకుని నొక్కుడు పెట్టకుండ్రి, వైండింగు కాలుతది" అని చెప్పి, మూడు ఫేజులకూ టెస్టర్ పెట్టి చూపించి, నల్లగా మాడిన కాంటాక్టు పాయింటు మీద వేలు ఆనించి పట్టుకుంటాడు. ఆ వేలు అక్కడ చాలాసేపు ఉంటుంది. నా దగ్గర నేర్చుకునే కుర్రాడొకడు ఆయన మీద అభిమానంతో ఒక వీడియోను "బాగుచేసి" ఇచ్చాడు. నాయిస్ తీసేశాడు, వేలు ఆగిన చోట కత్తిరించాడు, వెనక మ్యూజిక్ వేశాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. పెట్టిన రోజే కామెంట్లు: "అన్నా, సప్పుడు ఇనవడ్తలేదు", "ఏ పాయింటో కనవడలే, జెర ఆపు". వాడు నాయిస్ అనుకున్నదే ఆ వీడియోలో అసలు పాఠం. ఆ మెకానిక్‌కు తన ప్రేక్షకుడెవరో తెలుసు. రాత్రిపూట త్రీఫేజ్ కరెంటు వచ్చిన టైములో, ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని పొలంలో నిలబడ్డ రైతు. అతనికి నిదానం కావాలి.

కాబట్టి మీ అన్నయ్య మాటకు నా జవాబు: ప్రొఫెషనల్ అంటే ఖరీదైన కెమెరా కాదు, ఎవరికోసం తీస్తున్నామో వాళ్లకు పని జరగడం. ఆ లెక్కన ఆ మోటారు మెకానిక్ నాకంటే ప్రొఫెషనల్.

కెమెరా ఎవరి చేతిలో ఉంటే చూపు అలా మారుతుందన్నది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో జరిగిన పనిని చూస్తే తెలుస్తుంది. నా దగ్గర చేరే ప్రతి బ్యాచ్‌కూ మొదటి వారం దాని గురించే చెప్తాను. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఒక సంస్థ ఉంది. దాన్ని నడిపిన పి.వి. సతీశ్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. సంఘాల్లో ఉన్న దళిత మహిళా రైతులకు, వాళ్లలో చాలామందికి అక్షరం రాదు, 1990ల చివర్లో వీడియో కెమెరా నేర్పించారు. లో యాంగిల్, హై యాంగిల్, ఐ లెవెల్ అనే మాటలు వాళ్లకు అతకలేదు. వాళ్లు తమ ఊరి బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. కెమెరా కింద ఉండి పైకి చూస్తే మనిషి పెద్దగా, పెత్తనంగా కనపడతాడు కదా. పైనుంచి కిందికి చూస్తే కుంచించుకుపోయి కనపడతాడు. ఆ రెంటికీ వాళ్లు పెట్టుకున్న పేర్లు పటేల్ షాట్, బానిస షాట్. కళ్లకు సమానంగా పెడితే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ కింద గుండ్రంగా కూర్చుంటారు, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని మాట్లాడుకుంటారు. తమ సినిమాల్లో మనుషులను ఏ షాట్‌లో తియ్యాలో వాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

నేను ఫిల్మ్ గ్రామర్ పుస్తకాలు కొన్ని చదివాను. యాంగిల్‌కూ అధికారానికీ ఉన్న సంబంధాన్ని ఇంత తక్కువ మాటల్లో, ఇంత నిఖార్సుగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. బీటీ పత్తికి అనుమతి వచ్చిన 2002 నుంచి వరంగల్ జిల్లా రైతుల వెంట తిరిగి, వాళ్లకు ఏం జరిగిందో సినిమా తీసింది కూడా ఈ ఆడవాళ్లే. రైతుల దగ్గర కూర్చున్నది తోటి రైతులు కాబట్టి మైకు ముందు వాళ్లు దాచుకోకుండా మాట్లాడారు. ఒక టీవీ రిపోర్టర్‌కు ఆ మాటలు అలా వచ్చేవి కావని నేను డెస్కులో కూర్చున్న అనుభవంతో చెప్పగలను. మా వాళ్లు పొలంలో దిగిన పది నిమిషాలకు "ఒక్క ముక్కలో చెప్పు పెద్దాయనా" అనేవాళ్లు.

అదే ఊళ్ల వాళ్లు రేడియో కూడా పెట్టుకున్నారు. మాచునూరులో, సంఘం రేడియో. 1998లో యునెస్కో సాయంతో రికార్డింగుకు కావాల్సినవి సమకూరాయి గానీ గాల్లోకి వదలడానికి లైసెన్సు లేదు. ప్రభుత్వాలు అప్పట్లో మామూలు జనం చేతికి మైకు ఇవ్వడానికి భయపడేవి. 1995లోనే సుప్రీంకోర్టు, జస్టిస్ పి.బి. సావంత్ రాసిన తీర్పులో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. అయినా పాలసీ రావడానికి ఏళ్లు పట్టింది. 2002లో విద్యాసంస్థలకు మాత్రమే కమ్యూనిటీ రేడియో ఇస్తామన్నారు. స్వచ్ఛంద సంస్థలకు, సంఘాలకు 2006లో దారి తెరిచారు. అప్పటిదాకా ఈ ఆడవాళ్లు కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డర్ పెట్టి వినిపించారు. చివరికి 2008 అక్టోబర్ 15న 90.4 ఎఫ్‌ఎం మీద ప్రసారం మొదలైంది. ప్రారంభించడానికి వచ్చింది ఆ తీర్పు రాసిన జస్టిస్ సావంతే. విత్తనాలు, మూలికలు, పండగలు, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. ఇప్పటికీ కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పడానికి వీల్లేదు, ఆకాశవాణి వార్తలను యథాతథంగా వెయ్యొచ్చు, అంతే. పాటకు ఒప్పుకుంటారు గానీ మాటకు ఒప్పుకోరన్నమాట. మామూలు మనిషి మాట మీద అపనమ్మకం మీ చుట్టాలకు మాత్రమే ఉన్నది కాదు, చట్టంలోనూ ఉంది.

యాస గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మీ కామెంట్లలో సగం దాని మీదే అన్నారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మై విలేజ్ షో పెట్టినవాళ్లు 2012లో మొదలుపెట్టేటప్పటికి తెలంగాణ యాస సినిమాల్లో రౌడీకి, కామెడీ వేషానికి మాత్రమే పనికొచ్చేది. వాళ్లు దాన్ని కథ చెప్పే గొంతుగా వాడారు. వ్యవసాయ కూలీగా బతికిన గంగవ్వ అందులో నటించి, సినిమాల దాకా వెళ్లి, 2020లో బిగ్‌బాస్ ఇంట్లో అడుగుపెట్టింది. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామంలో మస్తానమ్మ ఇంకో రకం. నూరేళ్లు దాటాయని చెప్పే ముసలావిడ, మునిమనవడు తన స్నేహితుడితో కలిసి 2016లో కంట్రీ ఫుడ్స్ ఛానెల్ పెడితే, పొలంగట్టు మీద రాళ్ల పొయ్యి పెట్టి వండింది. అల్లం గోటితో గీకడం, పుచ్చకాయ డొల్లలో కోడికూర చెయ్యడం, బోసినోటితో నవ్వడం. 2018 డిసెంబర్‌లో ఆమె పోయేనాటికి ఆ ఛానెల్‌కు 12 లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లు. ఆ పనితనం వంటల ప్రోగ్రాం సెట్టులో పుట్టేది కాదు. సెట్టులో మొదట అడిగేది గ్లవ్స్ వేసుకోమని.

"నవ్విన నాపచేనే పండుతుంది" అని మీకు ధైర్యం చెప్పడానికి ఈ రెండు పేర్లు తేలేదు. అందరూ చేసే పనే అది, విజయం సాధించినవాళ్లను చూపించి నోళ్లు మూయించడం. నాకది నచ్చదు. పండిన నాపచేను సరే, పండనివాటి సంగతేంటి? 2018 నుంచి యూట్యూబ్ పెట్టిన నిబంధన ప్రకారం ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి (షార్ట్స్‌కు వేరే లెక్క ఉంది). చాలా ఛానెళ్లు ఆ గీత దాటవు. అంతమాత్రాన అవి పనికిమాలినవి అయిపోవు. మీ చుట్టాల ధోరణి కూడా ఆ గీత దగ్గరే మారుతుంది, గమనించండి. గీత దాటేదాకా "ఏం పిచ్చి ఇది". దాటాక "నెలకెంత వస్తుంది? మావాడికి కూడా నేర్పు". రెండు మాటల్లోనూ వీడియో గురించి ఒక్క ముక్క లేదు.

టీవీలవాళ్ల వైఖరి ఇంకా తమాషా. "యూట్యూబ్ గాళ్లు" అని తీసిపారేసే డెస్కులే రోజు మొదలుపెట్టేది జనం వాట్సాప్‌లో పంపిన క్లిప్పులతో. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మీరు చూసిన దృశ్యాల్లో ఎన్ని డాబాల మీద నుంచి తీసినవో గుర్తుచేసుకోండి. కెమెరామెన్ పడవ దొరికి వెళ్లేసరికి ఆలస్యమైంది. నీళ్లలో ఉన్నవాళ్ల దగ్గర ఫోన్లున్నాయి. వాటిని వేసుకున్నాం, మూలన ఛానెల్ లోగో గుద్దాం, తీసినవాడి పేరు మాత్రం వెయ్యం. "సోషల్ మీడియా నుంచి" అని రాస్తే సరిపోతుందనుకుంటారు. ఇది మా వృత్తిలో ఉన్న అలవాటు, సిగ్గుపడాల్సిన అలవాటే.

సరే, ఇప్పుడు పావు వంతు సంగతి. జనం చేసిందల్లా బంగారం అనేవాణ్ని కాదు నేను. బతికున్న నటుడు పోయాడని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లున్నారు. చావింట్లో శవం పక్కన నిలబడి ఫోన్ ఎత్తేవాళ్లున్నారు. షుగరు మందులు మానేసి ఫలానా ఆకు నమలమనే వైద్యులున్నారు. ప్రాంక్ పేరుతో బస్టాండులో ఆడపిల్లలను ఏడిపించి, వాళ్ల మొహాలు లక్షలమందికి చూపించేవాళ్లున్నారు. ఎదుటివాళ్లను వెక్కిరించడమే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 2024 జూలైలో ఒక తండ్రీ కూతుళ్ల మామూలు వీడియో పెట్టుకుని పసిపిల్ల మీద నీచంగా మాట్లాడినందుకు ఒక తెలుగు యూట్యూబర్‌ను పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద తెలంగాణ పోలీసులు అరెస్టు చేశారు. ఆ మాటలకు నవ్వుతూ పక్కన ఇంకొందరు ఉన్నారు. "రోస్టింగ్" అని దానికి ముద్దుపేరు. మీ వీడియో కింద "క్రింజ్" అని రాసిన కుర్రాడు ఆ నవ్వులు విని పెరిగినవాడే అయివుంటాడు.

వీటిలో ఒక్కటైనా ఔత్సాహికులు కాబట్టి చేసిన తప్పు అని నేననుకోను. బతికున్నవాణ్ని చంపడం పెద్ద ఛానెళ్లూ చేశాయి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద కేసులు పెట్టినప్పుడు ఆ జాబితాలో యూట్యూబర్లతో పాటు పేరున్న సినిమా నటులూ ఉన్నారు. అబద్ధం, అనుమతి లేకుండా ఎదుటివాణ్ని చూపించడం, డబ్బు తీసుకుని ఆ సంగతి దాచడం, పిల్లలను పనిముట్లు చెయ్యడం, ఈ నాలుగూ ఎవరు చేసినా తప్పే. వీటి మీద ఎవరైనా మిమ్మల్ని నిలదీస్తే అది చిన్నచూపు కాదు, విని తీరాలి. అమ్మ కట్టిన చీర మీదో, యాస మీదో, పెంకుటింటి మీదో, పళ్ల మీదో వచ్చిన మాటయితే దానికి జవాబు అవసరం లేదు, డిలీట్ చాలు.

మీ ఛానెల్‌లో వీడియోలు నాలుగైదు చూశాను. నాకు కనపడింది చెప్తా.

గోంగూర నిల్వపచ్చడి వీడియోలో మొదటి నిమిషంన్నర "హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ టు అవర్ ఛానెల్" అంటూ మీరు యాంకరమ్మలా మాట్లాడారు. ఆ గొంతు మీది కాదు. అమ్మ గోంగూర కట్ట విదిలించి "ముదురాకు ఎయ్యకు, పీసు తగులుద్ది" అన్న క్షణం నుంచి వీడియో లేచి కూర్చుంది. అక్కడినుంచే మొదలుపెట్టండి. ఆకు తడి ఆరిందో లేదో అమ్మ చెంపకు ఆనించి చూసుకుంది చూశారా, అది ఏ వంటల పుస్తకంలోనూ లేదు. దాన్ని మీరు ఫాస్ట్‌ఫార్వర్డ్ చేశారు.

డబ్బు పెట్టాల్సింది కెమెరా మీద కాదు, చప్పుడు మీద. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే పది సెకన్లలో వెళ్లిపోతారు. ఫోన్‌కు తగిలించే చిన్న కాలర్ మైకు ఒకటి కొని అమ్మ జాకెట్టుకు పెట్టండి. గాలి ఎక్కువుంటే మైకు మీద చిన్న స్పాంజి తొడుగు. సినిమా పాటలు వెనక వెయ్యకండి, కాపీరైట్ క్లెయిమ్ పడితే రేపు వచ్చే డబ్బు పాట హక్కులున్న కంపెనీకి పోతుంది. ఆ మ్యూజిక్ లేకపోతేనే రోటి చప్పుడు వినపడుతుంది కూడా.

జాతర వీడియోలో మీ వెనక ఇంటావిడకు పూనకం వచ్చింది దగ్గరగా తీశారు. ఆవిడను అడిగి పెట్టారా? అడగకపోతే తీసెయ్యండి. రేపు ఆవిడ కూతురికి సంబంధం చూడటానికొచ్చినవాళ్లు అదే వీడియో చూస్తారు. ఊళ్లో జనం మిమ్మల్ని నమ్మడం మీద మీ ఛానెల్ మొత్తం నిలబడి ఉంది. కూలీలను తీసినా అంతే, అడిగి, చూపించి, వాళ్లు వద్దన్న ముక్క తీసేసి పెట్టండి.

కామెంట్ల విషయంలో ఓపిక పడితే అదే సర్దుకుంటుందని నేను చెప్పను, సర్దుకోదు. యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో బ్లాక్ చెయ్యాల్సిన మాటల జాబితా పెట్టుకోవచ్చు. తెలుగు బూతులు తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రెండు రకాలుగా రాసి పెట్టండి. ఆ పని మీరు చెయ్యండి, అమ్మకు చూపించకండి. ఆడవాళ్ల వీడియోల కింద వచ్చేవి పురుషుల వీడియోల కింద రావు, అందుకే ఈ జాగ్రత్త. బెదిరింపులు, మార్ఫింగ్ లాంటివి వస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యండి.

యాస మార్చుకోవాలా అని అడిగారు. వద్దు. బయటి ఊళ్లవాళ్లకు అర్థం కాని మాట వస్తే కింద అక్షరాల్లో వెయ్యండి, అమ్మ నోట మార్పించకండి.

అన్నయ్యకు చెప్పాల్సింది ఒక్కటే: ఈసారి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు తనను కెమెరా పట్టుకోమనండి. అమ్మ పీట మీద కూర్చున్నప్పుడు తను నిలబడి పైనుంచి తీస్తాడు, చూడండి. అందరూ మొదట అలాగే తీస్తారు. కూర్చుని తియ్యమనండి.

చివరిగా మీరు అడగని విషయం. ఛానెల్ మీ మెయిల్ మీద ఉంది, మంచిదే, టెక్నికల్ పని మీరు చూసుకుంటున్నారు. కానీ మానిటైజేషన్ దాకా, అంటే ప్రకటనల డబ్బు వచ్చేదాకా వెళ్తే, ఆ డబ్బు చేరే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతా అమ్మ పేరు మీద తెరవండి. ఖాతాలో పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉండాలి, లేకపోతే డబ్బు తిరిగి వెళ్లిపోతుంది. మొదటి పది డాలర్లు చేరాక ఇంటి అడ్రసుకు పిన్ నంబరుతో పోస్టులో కవరు వస్తుంది, డోరు నంబరు, పిన్‌కోడ్ సరిగ్గా రాయండి, పల్లెల్లో ఆ కవరు దారి తప్పడం మామూలే, కాబట్టి పోస్ట్‌మ్యాన్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. వంద డాలర్లు నిండాక డబ్బు అమ్మ ఖాతాలో పడుతుంది. అమ్మకు పాన్ కార్డు లేకపోతే ఇప్పుడే అప్లై చెయ్యండి.